మూడు రాజీనామాలు, ఒకే చేతిరాత

అది 2023 మే నెల. బీదర్ బయట పారిశ్రామికవాడలో, మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను హెచ్.ఆర్. ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. హెచ్.ఆర్. అంటే ఏమిటని మా ఊరు చిమ్కోడ్‌లో పెద్దమ్మ అడిగితే, మనుషులను పనిలో పెట్టుకునేది, తీసేసేది అని చెప్పాను. "పెట్టుడు మంచిదే. తీసేసే పాపం నీకెందుకు బిడ్డా" అంది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను.

ఆ శనివారం ఉదయం పది గంటలకు బాయిలర్ ఆపరేటర్ గఫార్ నా గదికి వచ్చాడు. నలభై ఐదేళ్ల మనిషి, పన్నెండేళ్ల సర్వీసు. డ్యూటీ మధ్యలో బాయిలర్ వదిలి రాకూడదు కనుక, తోటి ఆపరేటర్‌ను అక్కడ నిలబెట్టి వచ్చానని ముందే చెప్పి, టేబుల్ మీద మూడు కాగితాలు పెట్టాడు. ఒకటి తనది. ఒకటి కమలనగర్ నుంచి వచ్చే విఠ్ఠల్‌ది. మూడోది మన్నళ్ళి నర్సయ్యది. మూడూ రాజీనామాలే. సోమవారం నుంచి పనికి రాలేమని, నోటీస్ కాలం జీతం కోసుకోమని రాశారు. మూడింటిలోనూ కారణం ఒక్కటే: వ్యక్తిగత కారణాలు. ఆ గుండ్రటి చేతిరాత కూడా ఒక్కరిదే. విఠ్ఠల్ రాత అది, నాకు బాగా గుర్తు.

"ముగ్గురూ ఒకేసారి ఏంది గఫారన్నా?"

"రాసినం గద మేడం."

"వ్యక్తిగత కారణాలు ముగ్గురికీ ఒకే రోజు వచ్చినయా?"

"వచ్చినయ్ మేడం" అన్నాడు, నా ముఖం వైపు చూడకుండా. "జరా సంతకం చేసి ఒక కాపీ ఇయ్యండ్రి. నేను బాయిలర్ కాడికి పోవాలె."

ఆ కాగితాల బరువు తెలియాలంటే బాయిలర్ గురించి ఒక మాట చెప్పాలి. నీళ్లను ఆవిరి చేసి ఫ్యాక్టరీ అంతటికీ పంపే పెద్ద ఇనుప పాత్ర అది. మా రియాక్టర్లలో మందు ఉడికేది ఆ ఆవిరితోనే. ప్రభుత్వ పరీక్ష పాసై సర్టిఫికెట్ ఉన్నవాడే దాని ముందు నిలబడాలని చట్టం. లోపల నీటి మట్టం తగ్గినా, ఒత్తిడి మితిమీరినా ప్రాణాలు పోతాయి. అలాంటి సర్టిఫికెట్ ఉన్నవాళ్లు మా దగ్గర ముగ్గురే. ఆదివారం బాయిలర్ ఆపి కడుగుతారు. సోమవారం ఉదయం ఆరింటికి మళ్లీ వెలిగించాలి. వెలిగించేవాళ్ల రాజీనామాలు ఇప్పుడు నా టేబుల్ మీద ఉన్నాయి.

జనరల్ మేనేజర్ హైదరాబాద్ మనిషి. కాగితాలు చూసి కుర్చీలోంచి లేచాడు.

"పక్కనే తెరిచిన ఆ కొత్త మద్యం డిస్టిలరీ వాళ్లు మనవాళ్లను లాగేస్తున్నారు. ఇంకేముంది? రిలీవింగ్ లెటర్ ఆపేయండి. అది లేకుండా ఎక్కడ చేరతారో చూద్దాం." రిలీవింగ్ లెటర్ అంటే ఈ మనిషిని మేము పని నుంచి విడిచిపెట్టామని ఇచ్చే పత్రం. అది చూపిస్తే తప్ప ఇంకో కంపెనీ లోపలికి రానివ్వదు.

"అసలు కారణం అది కాదేమో సార్."

"అయితే ఏమిటో సోమవారం పొద్దున్నే నాకు చెప్పండి. కొత్త పద్ధతి తెచ్చింది మీరు. నలుగురు ఇప్పటికే పోయారు. ఇప్పుడు బాయిలర్ ఆగితే దానికి జవాబు కూడా మీరే చెప్పాలి."

ఆయన అన్నది నిజమే. ఆ కొత్త పద్ధతి నేను తెచ్చిందే. అంతకుముందు సెక్యూరిటీ గది కిటికీకి సన్నటి తాడుతో ఒక పొడుగాటి రిజిస్టర్ వేలాడుతుండేది. అందరూ అదలాబదలీ బుక్ అనేవాళ్లు. ఒకరి షిఫ్టు ఇంకొకరు చేయాలంటే అందులో ఒక ముక్క రాసి ఇద్దరూ సంతకం పెడితే చాలు, పని అయిపోయేది. ఏ భాషలో రాయాలన్న పట్టింపు లేదు. తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ ఒకే పేజీలో కలిసి ఉండేవి. నాకు అదంతా చూస్తే ఒళ్లు మండేది. ఏప్రిల్‌లో ముఖం చూసి హాజరు వేసే యంత్రం, దాంతో పాటు సాఫ్ట్‌వేర్ పెట్టించాను. షిఫ్టు మార్చుకోవాలంటే రెండు రోజుల ముందు అర్జీ పెట్టాలి, కారణం రాయాలి, పైఅధికారి ఒప్పుకోవాలి, అదీ నెలకు రెండుసార్లే. తాడు కోసి ఆ బుక్కును నా అల్మారాలో పడేశాను. హెడ్ ఆఫీసు నుంచి అభినందిస్తూ ఈమెయిల్ వచ్చింది. నేను దాన్ని ప్రింట్ తీయించుకున్నాను కూడా. సిగ్గు లేకపోతే సరి.

తర్వాత ఆరు వారాల్లో ప్యాకింగ్ నుంచి నలుగురు మానేశారు. వెళ్లిపోయేవాళ్లతో ఎగ్జిట్ ఇంటర్వ్యూ అని ఒకటి చేస్తాం. ఎందుకు పోతున్నావని అడిగి ఫారం నింపించడం అన్నమాట. నలుగురూ వ్యక్తిగత కారణాలు అన్న గడిలోనే టిక్ పెట్టారు. నేను సంతకం చేశాను. అడిగానని చెప్పుకోవడానికి నాకు ఫారం ఉంది కదా.

గఫార్ మీద కోపం రావడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. మూడు వారాల కిందట యంత్రం ఒక సంగతి పట్టిచ్చింది. రాత్రి పదింటికి షిఫ్టు అయిపోయినా గఫార్ బయటకు వెళ్లలేదు. ఆరు రోజులు వరుసగా, తెల్లవారి ఆరింటికి వెళ్లాడు. పని లేని వేళ ఆవరణలో ఎందుకున్నావని మెమో ఇచ్చాను. "నమాజు చేసుకొని ఆడ్నే పండుకున్న" అని జవాబు రాసిచ్చాడు. నమ్మలేదు. ఇంకోసారి ఉంటే చర్య తప్పదని ఎర్ర అక్షరాలతో రాయించాను.

ఆ మధ్యాహ్నం అల్మారా తెరిచి అదలాబదలీ బుక్ తీశాను. బాయిలర్ వాళ్ల పేర్లు వెతుక్కుంటూ రెండేళ్ల వెనక్కి వెళ్లాను. మాకు షిఫ్టులు మూడు. ఎ షిఫ్టు పొద్దున, బి షిఫ్టు మధ్యాహ్నం నుంచి, సి షిఫ్టు రాత్రి. వారానికొకటి చొప్పున మారాలి. కానీ రెండేళ్లలో నర్సయ్య ఒక్క సి షిఫ్టు కూడా చేయలేదు. "నర్సయ్యది గఫార్ చేస్తడు." "నర్సయ్యది విఠ్ఠల్ చేస్తడు." బి షిఫ్టులదీ అదే కథ. ఆయన చేసినదంతా పగటి పనే. దానికి బదులుగా రంజాన్ రోజు, ఆషాఢ ఏకాదశి, దసరా, ఉగాది, ఏ పండుగైనా పగటి డ్యూటీ నర్సయ్యే మోశాడు.

నాకు తట్టింది ఒక్కటే: పెద్దమనిషి సుఖం మరిగాడు, రాత్రి నిద్ర ఆపుకోలేక చిన్నవాళ్ల మీద వేశాడు. సోమవారం నుంచి మళ్లీ సి షిఫ్టు పడేసరికి ముగ్గురూ కలిసి బెదిరింపుకు దిగారు. అడిగేయాలి, మొహం మీదే అడిగేయాలి అనుకున్నాను. నా కోపం ముక్కు మీదే ఉంటుంది, అది వేరే చెప్పాలా?

ఆదివారం సాయంత్రం స్కూటీ మీద మన్నళ్ళి వెళ్లాను. నర్సయ్యది తెలుగు మాట్లాడే రైతు కుటుంబం. రెండెకరాల కంది చేను, ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ల నౌకరి. యాభై దాటాయి. వాకిట్లో గఫార్ మోటార్‌సైకిల్ ఉంది. నన్ను చూసి గఫార్ గభాలున లేచాడు. నర్సయ్య మాత్రం తాపీగా లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి వేశాడు. దారిలో కోడిపిల్లలుంటే వాటిని తప్పించుకుంటూ నడిచాడు. ఆ నడక నాకు బాగా గుర్తుంది.

"కూసో బిడ్డా. ఎండల పడి వచ్చినవ్" అన్నాడు. ఆఫీసులో మేడం, వాళ్లింట్లో బిడ్డ.

"మామా, నేను చాయ తాగనీకి రాలే. రెండేండ్లు ఒక్క రాత్రి పని చెయ్యలే నువ్వు. బుక్కు చూసిన. ఇప్పుడు రాత్రి డ్యూటీ పడంగనే కాగితం పెడ్తివి. పెట్టేదుంటే నీదొక్కటే పెట్టక, వీళ్లని గూడ ఎందుకు లాగినవ్?"

గఫార్ ఏదో అనబోయి ఆగాడు. నర్సయ్య భార్య లచ్చమ్మ చాయ కాస్తానని లోపలికి పోయింది. నేను ఊరుకోకుండా దులుపుతూనే ఉన్నాను. బాయిలర్ ఆగితే రెండు రియాక్టర్లలో సరుకు పాడవుతుందన్నాను. రిలీవింగ్ లెటర్లు ఆపుతారన్నాను. అంటూ ఉండగానే పొద్దు గూకింది. అంతలో కరెంటు పోయింది. పూర్తి చీకటేం కాదు, నాకు అందరి ముఖాలూ తెలుస్తున్నాయి.

లచ్చమ్మ చాయ తెచ్చి గోడ మీద పెట్టింది. నర్సయ్య గ్లాసు కోసం చెయ్యి చాచాడు. చెయ్యి గ్లాసుకు జానెడు దూరంలో ఆగింది. గాలిలో అటు ఒకసారి, ఇటు ఒకసారి వెతికింది. లచ్చమ్మ ఒక్క మాట అనకుండా గ్లాసు తీసి ఆ చేతిలో పెట్టింది. అది రోజూ చేసే పని అని చూస్తే తెలుస్తూనే ఉంది.

నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"రేచీకటి బిడ్డా" అన్నాడు నర్సయ్య. "రెండేండ్లాయె. పొద్దున సూదిల దారం ఎక్కిస్త. పొద్దు గూకితే ఏం కనబడది."

భయమేసింది. అది చెప్పకుండా ముందుకు పోలేను. మూడు వారాల కిందట ఈ మనిషిని ఆరు రాత్రులు బాయిలర్ ముందు నిలబెట్టింది నా సాఫ్ట్‌వేర్. ఆ ఆరు రాత్రులూ గఫార్ ఇంటికి పోకుండా పక్కన నిలబడి, ఆయనకు బదులు నీటి మట్టం చూశాడు. ఎనిమిది గంటలు తన పని చేసి, ఇంకో ఎనిమిది గంటలు మేలుకుని. దానికి నేను మెమో ఇచ్చాను.

భయం వెనకాలే కోపం కూడా వచ్చింది. "పేలితే ఎవరు బతుకుతుండిరి మామా? నువ్వే కాదు, లోపలున్న అరవై మంది."

"అందుకే గద బుక్కుల రాసుకున్నది" అన్నాడు గఫార్. "రెండేండ్ల సంది రాత్రి ఆయన్ని బాయిలర్ కాడికి రానియ్యలే మేము. మీరొచ్చి తాడు కోసిండ్రు. ఇప్పుడు ఆయనకు బి షిఫ్టు పడితే గూడ, పొద్దు గూకంగనే విఠ్ఠల్ ముందుగాల వచ్చి నిలబడ్తుండు."

"డాక్టర్ చెకప్‌ల ఎట్ల పాసైతున్నవ్ మామా?"

"డాక్టరు పగలు పదకొండింటికి వస్తడు" అన్నాడు నర్సయ్య. "గోడ మీది అక్షరాలు చదువుమంటడు. చదువుత."

"నాతోని చెప్పొద్దా? అర్జీల రాసేటందుకు కారణం గడి ఉన్నది గద."

ఇద్దరూ ఒకరివైపు ఒకరు తిరిగారు. గఫార్ మెల్లగా అన్నాడు: "సంగప్ప చెప్పిండు గద మేడం."

ఆ పేరు విని నేను తల దించుకున్నాను. సంగప్ప ఒకప్పటి మా ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్. బరువైన డ్రమ్ములను ఎత్తి పెట్టే బండి అది. మూడేళ్ల కిందట మెడికల్ చెకప్‌లో, తనకు ఇంట్లో ఒకసారి మూర్ఛ వచ్చిందని ఆయనే నిజాయితీగా చెప్పాడు. వారం తిరగకుండా నేను పిలిపించి, నువ్వే రాజీనామా పెడితే నీ ఫైలు మీద మచ్చ ఉండదని నచ్చజెప్పాను. ఫారం మీద ఏం రాయాలో నేనే చెప్పాను. వ్యక్తిగత కారణాలు. ఆయన రాశాడు. మా వృత్తిలో దాన్ని శుభ్రంగా సాగనంపడం అంటాం. నాకప్పుడు అది దయలాగే కనిపించింది.

ఆయన గేటు దాటేలోపే ఆ సంగతి ఫ్యాక్టరీ అంతా తెలిసిపోయింది. చెప్పినవాడు పోతాడు. చెప్పనివాడు ఉంటాడు. ఆ నియమం నేను ఏ నోటీసు బోర్డు మీదా అంటించలేదు. అయినా అందరికీ కంఠతా వచ్చింది.

"మరి మీ ఇద్దరెందుకు పెట్టిండ్రు?" అని గఫార్‌ను అడిగాను.

"ఆయన ఒక్కడే పోతే ఎందుకు పోయిండని అడుగుతరు. తవ్వుతరు. ముగ్గురం పోతే జీతం కోసం పోయిండ్రు అనుకుంటరు. ఆయన ఇజ్జత్ ఉంటది. ఇంకోదిక్కు పగటి నౌకరి దొరుకుతది."

నలుగురు పిల్లల తండ్రి. ఇంకొకడి కంటి జబ్బు కప్పిపెట్టడానికి తన పన్నెండేళ్ల నౌకరి వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. అది గొప్పతనమని పొగడనా, ఇంకో ఊరి బాయిలర్ ముందు మళ్లీ ఇదే ప్రమాదం పెట్టబోతున్నందుకు తిట్టనా? రెండూ చేశాను. కళ్లనీళ్లు పెట్టుకుంటూనే తిట్టాను. లచ్చమ్మ నా చేతికి కొంగు అందించింది.

చివరికి నేను అన్నాను: "మామా, ఇది జి.ఎం. సారుకు చెప్పకతప్పదు. నువ్వు ఒప్పుకోకున్నా నేను దాచిపెట్ట. నువ్వు ఇంక బాయిలర్ ముందట నిలబడొద్దు, పగలు గూడ. కానీ నిన్ను గేటు బయటికి పోనియ్య. అంతవరకు నా మాట."

"నీ మాట సంగప్పకు గూడ ఇచ్చినవ్ గద బిడ్డా" అన్నాడు నర్సయ్య. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది.

గ్లాసు లచ్చమ్మకు అందించి మళ్లీ తనే అన్నాడు: "పొద్దుగాల నేనే వస్త. నేనే చెప్త. వేరేటోళ్లు చెప్తే దొంగ లెక్క అయితది."

సోమవారం ఆరు గంటలకు గఫార్, విఠ్ఠల్ ఇద్దరూ వచ్చి బాయిలర్ వెలిగించారు. చిమ్నీ మీద పొగ చూసి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను, అంతే. తొమ్మిదింటికి నర్సయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని జి.ఎం. గదిలో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. రెండు ముక్కల్లో చెప్పేశాడు.

జి.ఎం. ముఖం తెల్లబోయింది. నర్సయ్యను బయట కూర్చోమని పంపి, నా మీద విరుచుకుపడ్డాడు. "రెండేళ్లు! ఇన్‌స్పెక్టర్‌కు తెలిస్తే లైసెన్సు పోతుంది. ఈ రోజే పంపించేయండి. మెడికల్ అన్‌ఫిట్ అని రాయండి. లేదా రాజీనామా ఉంది కదా, ఒప్పేసుకోండి. ఇంకా సులువు."

"సులువే సార్. సంగప్పను కూడా సులువుగానే పంపాం."

"అంటే?"

"అప్పుడు పంపాం కాబట్టే ఈయన రెండేళ్లు దాచాడు. ఈయనను కూడా పంపితే ఇంకెవరూ నోరు విప్పరు. క్రేన్ మీద ఎవరికి కళ్లు తిరుగుతున్నాయో, యాసిడ్ దగ్గర ఎవరికి చెయ్యి వణుకుతోందో మీకు తెలుసా? నాకు తెలియదు. చెప్పిన మనిషి ప్రమాదమా సార్, చెప్పని మనిషి ప్రమాదమా?"

ఆయన టేబుల్ మీద ఉన్న మూడు కాగితాలను అటూ ఇటూ తిప్పాడు. ఆ క్షణంలో నా ఉద్యోగం కూడా ఆ టేబుల్ మీదే ఉంది.

"రాత్రి బాయిలర్ ఎవరు చూస్తారు?" అన్నాడు చివరికి.

నేను తలుపు తీసి విఠ్ఠల్‌ను పిలిచాను. బాయిలర్ దగ్గర గఫార్‌ను ఉంచి వచ్చాడు. "కొత్త మనిషి దొరికే దాంక ఇద్దరం చెరి పన్నెండు గంటలు చేస్తం సార్. కానీ మామను తీసేస్తే మేము గూడ ఉండం. కాగితాలు మీ కాడనే ఉన్నయ్" అన్నాడు. తెలుగు సగం, మరాఠీ సగం. జి.ఎం.కు రెండూ అర్థమయ్యాయి.

నర్సయ్యను కంటి పరీక్షకు హైదరాబాద్ పంపాం. ఈ జబ్బు తగ్గేది కాదని, మెల్లమెల్లగా పెరుగుతుందని, ప్రస్తుతానికి పగటి పని చేయవచ్చని డాక్టర్లు రాసిచ్చారు. బాయిలర్‌కు పోయే నీళ్లను మెత్తబరిచి పరీక్షించే గది ఒకటి ఉంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకే అక్కడ పని. ఆయనను అక్కడ వేశాం. కొత్త బాయిలర్ ఆపరేటర్ దొరకడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ గఫార్, విఠ్ఠల్‌ల కళ్ల కింద నలుపు చూసి నేను సరిగా నిద్రపోలేదు. మూడు రాజీనామాలూ వెనక్కి తీసుకున్నారు. గఫార్ మెమోను నేను నా చేత్తో చింపాను. ఆయన ముందరే చింపాను.

అదలాబదలీ బుక్ మళ్లీ కిటికీకి కట్టించాను. అది నిఖార్సయిన మంచి వస్తువని నేను అనను. అది రెండేళ్లు ఒక మనిషి పరువు కాపాడింది, ఒక ప్రమాదాన్ని కూడా కప్పిపెట్టింది. అందుకని ఇప్పుడు ప్రతి శనివారం దాన్ని చదువుతాను. ఒకే మనిషి ఒకే షిఫ్టు నుంచి మళ్లీ మళ్లీ తప్పుకుంటుంటే, మెమో ఇవ్వను. చాయకు పిలుస్తాను.

చాయ తాగుతున్నప్పుడు ఒకరోజు నర్సయ్య అడిగాడు: "సంగప్ప కాడికి పోయినవా బిడ్డా?"

పోలేదు. ఆ వారమే పోయాను. కమలనగర్‌లో పిండి గిర్నీ నడుపుతున్నాడు. స్టోరులో కూర్చుని చేసే పని ఉంది, వస్తావా అని అడిగాను. జొన్నలు పోస్తున్న చెయ్యి ఆపలేదు.

"ఆనాడు ఈ మాట ఎందుకు అడగలే మేడం?"

"తప్పయింది."

"బండి మీదికెళ్లి దించిండ్రు, మంచిదే. నాకే భయముండె. గేటు బయటికి ఎందుకు దించిండ్రు?"

ఆయన పనికి రాలేదు. నేను బయలుదేరేటప్పుడు ఒక పొట్లంలో జొన్నపిండి కట్టి ఇచ్చాడు, వద్దన్నా వినలేదు.

తిరిగి వచ్చాక ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఫారం నుంచి వ్యక్తిగత కారణాలు అన్న గడి తీసేయించాను. దాని బదులు ఖాళీ గీతలు నాలుగు పెట్టించాను. మనుషులు కష్టం ఎక్కువై పోవడం నా పదిహేనేళ్ల ఉద్యోగంలో తక్కువే చూశాను. నిజం చెబితే ఏమవుతుందో తెలిసిపోయి పోతారు, ఎక్కువమంది. ఇప్పుడు వెళ్లిపోయేవాళ్లు ఆ నాలుగు గీతలు చూసి పెన్ను పట్టుకుని ఆగుతారు. నేను కూడా ఆగుతాను. ఆ తర్వాత పెన్ను తీసి పక్కన పెట్టి, సంగప్పను అడగాల్సిన మాట వాళ్లను అడుగుతాను: "ఏం చేస్తే ఉంటవ్?"